ఉన్నా అందనిది

మట్టి లేకుండా మొక్కను పెంచడం ఇప్పుడొక వ్యాపారం. హైదరాబాద్ చుట్టుపక్కల పాలీహౌస్‌లలో తెల్లటి పైపులు బారులు తీరి ఉంటాయి. వాటి రంధ్రాల్లో లెట్యూస్, పాలకూర, బేసిల్. వేళ్ల కింద పలుచగా పోషకాల నీరు పారుతూ ఉంటుంది. అయితే ఈ విద్య పుట్టింది ఆకుకూరల కోసం కాదు. మొక్క దేన్ని తిని బతుకుతోందన్న ప్రశ్న కోసం.

బ్రస్సెల్స్ వైద్యుడు వాన్ హెల్మాంట్ తొట్టిలో 200 పౌండ్ల మట్టి పోసి, 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లకు పెరిగింది. మట్టి తగ్గింది రెండు ఔన్సులు. చెట్టంతా నీటి నుంచే వచ్చిందని ఆయన తీర్మానించాడు. ఆయన పోయాక 1648లో అచ్చయిన ఆ తీర్మానం నిలవలేదు గానీ ప్రశ్న నిలిచింది. 1699లో ఇంగ్లండ్‌లో జాన్ వుడ్‌వర్డ్ పుదీనా జాతి మొక్కను వాన నీటిలో, థేమ్స్ నీటిలో, హైడ్ పార్క్ కాలువ నీటిలో పెంచి చూశాడు. తేటనీటిలో కన్నా మన్ను కలిసిన నీటిలోనే అది ఏపుగా ఎదిగింది. మరో నూట అరవై ఏళ్లకు జర్మనీలో జూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ క్నోప్ లెక్కకట్టి కలిపిన లవణాల నీటిలో మొక్కల్ని సాకారు. అసలు విద్య అక్కడ మొదలైంది. ఏమేం వేశామో తెలుసు కాబట్టి ఒక్కొక్కటే మానేసి చూడవచ్చు. ఇనుము లేకుండా పెంచితే మొక్క ఏమవుతుంది? మెగ్నీషియం లేకుండా?

మన శాస్త్రాల్లో దీన్ని అన్వయ వ్యతిరేకం అంటారు. ఒకటి ఉంటే రెండోది ఉండడం అన్వయం, అది లేకపోతే ఇదీ లేకపోవడం వ్యతిరేకం. విద్యారణ్యులు పంచదశి మొదటి ప్రకరణంలో దీన్ని పట్టుకునే ఆత్మను కోశాల నుంచి వేరుచేస్తారు. కలలో ఈ స్థూలదేహం తోచదు, కల చూసేవాడు ఉంటాడు. గాఢనిద్రలో మనసు కూడా తోచదు, అయినా హాయిగా నిద్రపోయానని లేచాక చెప్పగల ఎరుక మిగిలే ఉంటుంది. ఏవి తీసేసినా ఏది మిగులుతుందన్నది వేదాంతి వెతుకులాట. ఏది తీసేస్తే మొక్క మిగలదన్నది శాస్త్రజ్ఞుడి వెతుకులాట. దిక్కులు వేరైనా ఇద్దరి చేతిలో ఉన్న పనిముట్టు ఒకటే. 1939లో కాలిఫోర్నియాలో ఆర్నన్, స్టౌట్ అనే ఇద్దరు ఈ వ్యతిరేకానికి నియమాలు కట్టారు. ఆ ధాతువు లేకపోతే మొక్క తన జీవితచక్రం పూర్తి చేసుకోలేకపోవాలి. దాని పనిని ఇంకో ధాతువు చేయలేకపోవాలి. మొక్క లోపలి పనిలో దానికి నేరుగా పాలుండాలి. ఇలా వడగట్టగా ఇవాళ్టికి 17 ధాతువులు నిలిచాయి.

మట్టిని ఎందుకు తీసేయాల్సి వచ్చింది? మట్టి దాచిపెడుతుంది కాబట్టి. బంకమన్ను రేణువులు పోషకాల్ని పట్టి ఉంచి నెమ్మదిగా విడుస్తాయి. ఆమ్లమో క్షారమో కాస్త ఎక్కువైనా సర్దుకుంటాయి. రైతు ఒక పంటకు ఎరువు మరిచినా నేల వెంటనే నిలదీయదు. నీటికి అంత ఓర్పు లేదు. సంప్రదాయం కూడా ఒక నేలే. ఊళ్లో గుడి, ఇంట్లో పండుగలు, పెద్దల అలవాట్లు, ఎవరూ ప్రత్యేకంగా బోధించకుండానే వచ్చే సంస్కారం, ఇవన్నీ మనిషి లోటును ఏళ్ల తరబడి కప్పి ఉంచగలవు. అక్కడి నుంచి కదిలి, ఏ గచ్చిబౌలి అపార్టుమెంటులోనో, ఏ టెక్సస్ ఊళ్లోనో బతికేవాడికి ఆ వెసులుబాటు తక్కువ. తన నీటిలో తానేం కలుపుకుంటే అదే. కావాలని నేల వదిలిన సన్యాసి సంగతీ అంతే. ఇలాంటి బతుకును వేరులేనిది అనేవాళ్లతో నేను ఏకీభవించను. నీటిసాగులో వేరు ఉంటుంది. పైగా మూత ఎత్తితే కంటికి కనపడుతుంది.

పాలీహౌస్ గోడలకు రంగుల పటాలు తగిలించి ఉంటాయి. ఏ ధాతువు లోపిస్తే ఆకు ఎలా మారుతుందో వరుసగా బొమ్మలు. అవి అబద్ధాలు కావు, ఒక్కటే తీసేసి చేసిన పరీక్షల్లోంచి వచ్చినవే. చిక్కేమిటంటే తొట్టిలో ఎప్పుడూ ఒక్కటే తక్కువ కాదు. చాలాసార్లు ఏదీ తక్కువ కాదు. ఆకు మాత్రం ఆకలితో ఉంటుంది. పటం చూసి, పేరు పట్టుకుని, ఆ పేరున్న ఎరువు ఇంకాస్త వేస్తే రోగం ముదురుతుంది. సాధకుల దగ్గర నేను ఎక్కువగా చూసిన తొందర కూడా ఇదే. మనసు ఎండిపోయినట్టు అనిపిస్తే ఇంకో మంత్రం, ఇంకో పారాయణం, ఇంకో ప్రవచనం. వేయడం తప్ప చదవడం ఉండదు.

ఆకును చదవాలంటే రంగు కన్నా ముందు చోటు చూడాలి. పసుపు కింది ఆకుల్లో మొదలైందా, చిగురులోనా? నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం కదిలే ధాతువులు. వేరుకు అందడం తగ్గితే మొక్క వాటిని ముదురాకుల్లోంచి విప్పి చిగురుకు పంపుతుంది. అందుకే నత్రజని కరువులో కింది ఆకు మొత్తంగా పాలిపోతుంది. మెగ్నీషియం కరువులో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కుతుంది. పొటాష్ కరువులో అంచులు మాడతాయి. పైన చిగురు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

పేరున్న ప్రవచనకారుడో, ఏళ్లుగా నియమం తప్పని ఉపాసకుడో అయిన మనిషిని ఊహించండి. కొత్తగా లోపలికి ఏమీ రావడం లేదు. అయినా మాట ఆగదు, పూజ ఆగదు. ఎప్పుడో సంపాదించినదంతా కరిగి పైకి వస్తూ ఉంటుంది. లోకం చూసేది చిగురునే కాబట్టి ఎవరికీ తెలియదు. కింది ఆకు ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. భార్యతో ఓపిక, పనిమనిషితో మాట తీరు, నిద్ర, ఒకరి గెలుపు విన్నప్పుడు ముఖంలో కదిలే నీడ. ఆత్మపరీక్ష చేసుకునేవాడు తన ధ్యానం ఎంత కుదిరిందో కొలవడం కన్నా ఈ ఆకుల్ని తిప్పి చూసుకోవడం మేలు.

కాల్షియం తీరు వేరు. ఆకులో ఒకసారి కుదురుకుందంటే అది అక్కడే. కణాల గోడల్ని అతికించి పట్టి ఉంచే పనిలో ఇమిడిపోతుంది, వెనక్కి రాదు. ముదురాకు నిండా కాల్షియం ఉండగా చిగురు అంచు నల్లబడి చచ్చిపోవచ్చు. నిన్నటి నిల్వ ఇవాళ్టి ఆకుకు పనికిరాదు. బోరాన్ కూడా చాలా మొక్కల్లో ఇంతే. ఇనుమూ దాదాపు ఇంతే.

మనలో కదిలేవి ఏవి, కదలనివి ఏవి? పాండిత్యం కదులుతుంది. ఇరవై ఏళ్లప్పుడు వల్లె వేసిన శ్లోకం డెబ్భై ఏళ్లప్పుడు నాలుక మీదికి వస్తుంది. నియమం కదులుతుంది, అలవాటై వెంట నడుస్తుంది. జాగరూకత కదలదు. ఉద్యోగపర్వంలో నిద్రపట్టని ధృతరాష్ట్రుడికి సనత్సుజాతుడు చెప్పినదాని సారం ఏమిటంటే, మృత్యువు అంటూ వేరే ఎవరో లేరు, ఏమరుపాటే మృత్యువు. నిన్న మేలుకుని ఉన్నాను కదా అన్న లెక్క ఈ పూట ఏమరుపాటుకు అడ్డం రాదు. ఎంతో ఎత్తుకు వెళ్లారనుకున్నవాళ్లు ఒక చిన్న సందర్భంలో జారడం చూసి మనం కపటమంటాం. కపటం కాకపోవచ్చు. పాత ఆకులు నిజంగానే బలమైనవి అయి ఉండవచ్చు. ఆ రోజు చిగురుకు ఆ రోజుటిది అందలేదు, అంతే.

అందకపోవడానికి కారణం తొట్టిలో లేకపోవడమేనా? లెట్యూస్ అంచు మాడును ఒకసారి దగ్గరగా చూస్తే ఈ అనుమానం తీరిపోతుంది. నీటిని పరీక్షకు పంపితే కాల్షియం కావలసినంత ఉందని వస్తుంది. అయినా మొక్క నడిమధ్యన, ముడుచుకున్న లేత ఆకుల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. కాల్షియం తనంతట తాను నడవదు. నీటితోపాటు పైకి ఎక్కుతుంది, ఆ నీటిని లాగేది ఆకు విడిచే ఆవిరి. విప్పారిన బయటి ఆకులు ఆవిరిని ధారాళంగా వదులుతాయి, కాబట్టి వాటికి కాల్షియం వచ్చి చేరుతుంది. గుట్టుగా చుట్టుకున్న లోపలి ఆకు దగ్గర గాలి కదలదు, చుట్టూ తేమ. అది ఏమీ వదలదు, కాబట్టి దానికి ఏమీ రాదు. అనుభవమున్న సాగుదారు ఇక్కడ కాల్షియం పెంచడు. మొక్క నడినెత్తి మీదికి గాలి తగిలేలా ఫ్యాను పెడతాడు. పొటాష్, అమ్మోనియం ఎక్కువైతే కాల్షియానికి అడ్డం పడతాయి కాబట్టి వాటిని తగ్గిస్తాడు. వెలుతురు మరీ ఎక్కువై మొక్క ఉరవడిగా పెరుగుతుంటే ఆ వేగాన్నీ కాస్త తగ్గిస్తాడు.

వదలనివాడికి రాదు అన్న నీతిని దీనికి అతికించడం తేలిక. నేను ఆగేది అక్కడ కాదు. ఆ లోపలి ఆకు స్వార్థంతో ముడుచుకోలేదు, లేతది కాబట్టి ముడుచుకుంది. దాన్ని విప్పదీయడం వైద్యం కాదు. గాలి దాని దాకా వచ్చేలా చూడడం వైద్యం. ఏకాంతంలో మగ్గి బిగుసుకుపోయిన సాధకుడికి సత్సంగమో, నలుగురి మధ్య చేసే చిన్న సేవో చెప్పిన గురువులు ఈ పని చేశారనిపిస్తుంది. అతడి జపసంఖ్యను పెంచలేదు, చుట్టూ గాలిని కదిలించారు.

ఇనుముది ఇంకో కథ. చిగురాకు తెల్లబోయి, ఈనెలు మాత్రం సన్నటి ఆకుపచ్చ వలలా మిగిలితే అది ఇనుము కరువు. మన బోరు నీళ్లలో బైకార్బనేట్లు ఎక్కువ, పీహెచ్‌ను పైకి నెడుతూ ఉంటాయి. నీటిసాగుకు 5.5 నుంచి 6.5 మధ్య పీహెచ్ కావాలి. అది 7 దాటిందంటే విడిగా ఉన్న ఇనుము తుప్పులా గడ్డకట్టి అడుక్కు దిగుతుంది. తొట్టిలో ఇనుము ఉంది, వేరుకు లేదు. దీనికి మార్గంగా ఇనుమును ఒక కర్బన అణువు పట్టులో ఉంచి ఇస్తారు, దాన్ని చీలేట్ అంటారు. ఈడీటీఏ పట్టు 6.5 పీహెచ్ ప్రాంతం దాకా, డీటీపీఏ పట్టు 7.5 ప్రాంతం దాకా నిలుస్తుంది. ఈడీడీహెచ్ఏ అయితే ఇంకా గట్టి క్షారంలోనూ వదలదు.

పురాణం చేసిన పని ఇదేనని నా నమ్మకం. సత్యాన్ని విడిగా చెబితే వినేవాడి మనసు స్వభావాన్ని బట్టి అది గడ్డకట్టి అడుక్కు దిగిపోతుంది. జగత్తు మిథ్య అన్న మాట ఎన్ని చెవుల అడుగున తుప్పు పట్టి ఉందో! దాన్నే ఒక కథ పట్టుకుని ఉంటే కరిగిన రూపంలోనే వేరుదాకా వస్తుంది. కొందరికి తత్త్వం చాలు. కొందరికి హరికథ కావాలి. మరీ కఠినమైన నీళ్లకు ప్రహ్లాదుడి కథ కావాలి, అది కూడా చిన్నప్పుడు అమ్మమ్మ నోట విన్నది. పట్టు గట్టిదైనంత మాత్రాన ఇనుము ఎక్కువ మేలైనది కాదు, ఇనుము అదే.

తొట్టి పక్కన ఈసీ మీటరు ఉంటుంది. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని విద్యుత్తు ప్రసారంతో అంచనా కట్టి ఒక అంకె చూపిస్తుంది. లెట్యూస్‌కు 1.2 నుంచి 1.8 మధ్య ఉంటే సరిపోతుందంటారు. అది మొత్తమే చెబుతుంది, ఏది ఎంతో చెప్పదు. మొక్క తనకు కావలసినవి లాక్కుని సోడియం, క్లోరైడు వంటివి వదిలేస్తూ పోతే, కొన్ని వారాలకు తొట్టిలో మిగిలేది అక్కర్లేని ఉప్పే. అంకె మాత్రం అంతే చూపిస్తుంది. కోటి నామాల పుస్తకాలు నింపేవాళ్ల పట్ల నాకు గౌరవమే ఉంది. అయినా ఆ కోటిలో ఎంత భక్తి, ఎంత పూర్తిచేయాలన్న పంతం అన్నది అంకె చెప్పదని వాళ్లకూ తెలుసు.

ఎక్కువ కావడం కూడా రోగమే. పొటాష్ అతిగా ఉంటే మెగ్నీషియం ఉండీ వేరులోకి దూరలేదు. భాస్వరం అతిగా ఉంటే ఇనుము, జింకు చిక్కుబడతాయి. బోరాన్ లీటరుకు అర మిల్లీగ్రాము ఉంటే చాలు. తగ్గితే కొన చచ్చిపోతుంది, కాస్త మించితే ముదురాకు అంచు మాడుతుంది. వీటన్నిటికన్నా మోసం చేసేది నత్రజని. అతిగా ఉన్న మొక్క రోగిలా కనిపించదు. ముదురు ఆకుపచ్చ రంగు, వెడల్పాటి ఆకులు, చూసేవాడు మెచ్చుకుంటాడు. టమాటాకు పూత మాత్రం రాదు. భగవద్గీత పద్నాలుగో అధ్యాయం సత్త్వగుణం కూడా కట్టేస్తుందని చెప్పి, ఆ కట్టుతాళ్లు సుఖమూ జ్ఞానమూ అంటుంది. రజస్సు, తమస్సుల రోగం పక్కవాడికి తెలుస్తుంది. సత్త్వం చేసే రోగానికి పక్కవాడు దండ వేస్తాడు.

ఆకు మీద కనిపించేదానికీ అసలు లోటుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుక్కి చూపించాడు. పదిహేను రోజులు అన్నం తినకు, నీళ్లు మాత్రం ఎన్నయినా తాగు అన్నాడు. శ్వేతకేతువు అలాగే ఉండి వచ్చాక, ఋక్కులు చెప్పు, యజుస్సులు చెప్పు, సామాలు చెప్పు అన్నాడు తండ్రి. ఏవీ తోచడం లేదన్నాడు కొడుకు. ప్రాణం నిలిచింది, నీళ్లున్నాయి కాబట్టి. లోటు కడుపులో, లక్షణం జ్ఞాపకంలో. అన్నం తిని వచ్చాక అన్నీ తోచాయి. ఆ పదిహేను రోజుల చివర శ్వేతకేతువును ఇంకెవరైనా పరీక్షించి ఉంటే ఏమనేవారు? చదువు సరిగా అబ్బలేదు, మళ్లీ పన్నెండేళ్లు గురుకులానికి పంపండి అనేవారు.

రోగనిర్ణయానికి మన వైద్యులు అయిదు దారులు చెప్పారు. వాగ్భటుడూ మాధవకరుడూ ఇద్దరూ ఇవే చెబుతారు: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. నాకు వీటిలో ఉపశయం మీద గురి. రోగం తేలనప్పుడు కొద్దిగా మందో పథ్యమో ఇచ్చి, ఉపశమించిందా ముదిరిందా అని చూసి తెలుసుకోవడం అది. నీటిసాగులోనూ ఇదుంది. ఇనుము కరువా కాదా అని సందేహం వస్తే, తొట్టి జోలికి వెళ్లకుండా ఒక్క ఆకులో సగానికి పలుచటి ఇనుము ద్రావణం పూసి కొన్ని రోజులు ఆగుతారు. పూసిన సగం పచ్చబడితే జవాబు దొరికినట్టే. సాధనలో ఈ వినయం అరుదు. జీవితం మొత్తాన్ని ఒక్కసారిగా మార్చేసే వ్రతాలు పడతాం గానీ, ఒక్క ఆకు మీద పూసి చూడం. వారం రోజులు రాత్రి భోజనం పెందలాడే తిని తెల్లవారి ధ్యానం ఎలా ఉందో చూడడం ఉపశయమే. ఇది గొప్పగా చెప్పుకునే పని కాదు కాబట్టి ఎవరూ చేయరు.

మొక్కకు వైద్యం మనకు కొత్త కాదు. సురపాలుడి వృక్షాయుర్వేదం చెట్ల రోగాల్ని లోపలి నుంచి పుట్టేవి, బయటి నుంచి వచ్చేవి అని విడదీసి, లోపలివాటిని వాత పిత్త కఫాలకు ముడిపెడుతుంది. ఆకులు పసుపెక్కడం పిత్తం పని. ఎండ ఎక్కువగా ఉన్నప్పుడు ఉప్పు, పులుపు, ఘాటు పదార్థాలు మితిమీరడం దానికి కారణం. ఉప్పు మితిమీరితే ఏమవుతుందో ఈసీ మీటరు చూసేవాడికి ఇది వింతగా తోచదు. ఆక్స్‌ఫర్డ్ బాడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న రాతప్రతి ఆధారంగా నళినీ సాధలే చేసిన ఇంగ్లిషు అనువాదాన్ని 1996లో సికిందరాబాద్‌లోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ అచ్చువేసింది. ఆ సంస్థను స్థాపించిన వై.ఎల్. నెనె మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త. 1960లలో పంత్‌నగర్‌లో ఉండగా వరికి వచ్చే ఖైరా తెగులు కాదనీ జింకు లోపమనీ తేల్చింది ఆయనే. తెగుళ్ల నిపుణుడు ఇది తెగులు కాదని చెప్పడానికి కావలసిన మనోధర్మం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. చేతిలో ఉన్న విద్యతోనే ప్రతిదాన్నీ కొలిచే ఆశను వదలగలగడం అది.

ఆకుల గురించి ఇంత చెప్పాక, మొదట చూడాల్సింది ఆకు కాదని కూడా చెప్పాలి. మూత ఎత్తి వేరు చూడాలి. తెల్లగా, బిర్రుగా ఉందా? గోధుమరంగుకు తిరిగి, జిగటగా, వాసన వేస్తోందా? మే నెల ఎండకు ట్యాంకు కాగితే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాములు ఇమిడే చోట 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే ఇముడుతుంది. వేడికి వేరు ఊపిరి అవసరం పెరుగుతుంది కూడా. ఊపిరాడని వేరుకు పిథియం అనే సూక్ష్మజీవి పట్టి కుళ్లు మొదలవుతుంది. అప్పుడు ఆకు మీద ఇనుము కరువు, మెగ్నీషియం కరువు, అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. నిండు నీటిలో నిలబడి మొక్క వడలిపోతుంది. అక్కడ ఏ లవణం వేసినా వృథా. నీటిని చల్లబరచాలి, గాలి బుడగలు పంపాలి. పతంజలి యోగసూత్రాల్లో అంతరాయాలు తొమ్మిదని చెప్పి, వాటికి తోడుగా వచ్చే గుర్తులు దుఃఖం, దౌర్మనస్యం, ఒంటి వణుకు, ఎగుడుదిగుడు శ్వాస అని వేరే సూత్రంలో పెట్టాడు. అడ్డంకి ఒక చోట, గుర్తు ఇంకో చోట. మనం దిగులుకు మందు వెతుకుతాం, ఊపిరి సలపని దినచర్యను ముట్టుకోం.

ఏం చేసినా అంతుపట్టకపోతే సాగుదారులు తొట్టి మొత్తం ఖాళీ చేసి, పైపులు కడిగి, మంచినీటితో మళ్లీ మొదలుపెడతారు. ఇది రోగనిర్ణయం కాదు, అయినా చాలాసార్లు పనిచేస్తుంది, పేరుకున్న ఉప్పు పోతుంది కాబట్టి. తీర్థయాత్ర, మౌనవ్రతం, ఉపవాసం ఇలాంటివే. తిరిగొచ్చాక అదే చేత్తో అదే కొలతలో అవే కలిపితే, కొన్ని వారాల్లో అదే ఆకు వస్తుంది. వేరు కుళ్లిన చోట ఈ కడుగుడూ పనిచేయదు. ఇంకొకటి, వైద్యం ఫలించిందో లేదో మాడిన ఆకును చూసి తేల్చకూడదు. నత్రజని కరువులో పాలిపోయిన ఆకు కొంత తేరుకోవచ్చు, నల్లబడిన అంచు మాత్రం మళ్లీ పచ్చబడదు. వైద్యం మొదలుపెట్టాక పుట్టిన ఆకులు ఎలా ఉన్నాయన్నదే చూడాలి. లెట్యూస్‌కు అందుకు వారం పదిరోజులు పడుతుంది, ఆలోపు తొట్టిలో ఇంకేమీ మార్చకూడదు.